వైజాగ్ డాబా మీద కెమీలియా: మొగ్గలు నిండా వేస్తోంది, విచ్చకుండానే రాలిపోతున్నాయి

ఎండాడ డాబాతోట | నవంబర్ 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఎండాడ. పదేళ్ళుగా డాబా మీద మొక్కలు పెంచుతున్నాను. మందారాలు, నందివర్ధనం, గంధరాజం, సన్నజాజి, మూడు రకాల మల్లెలు ఉన్నాయి. అన్నీ మాట వింటాయి. ఒక్క కెమీలియా దగ్గరే నా వల్ల కావడం లేదు. సాయం చేయండి.

రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో అమ్మని తీసుకుని డార్జిలింగ్, కాలింపాంగ్ వెళ్ళాం. మేం దిగిన ఇంటి గుమ్మం పక్కన మనిషెత్తు చెట్టు, దాని నిండా ఎర్రటి పూలు. అమ్మ దాని చుట్టూ రెండు సార్లు తిరిగి "ఇది గులాబీనా, మందారమా?" అని అడిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన లేదు. ఆకు మాత్రం నూనె రాసినట్టు మెరుస్తోంది. అదే రకం రెండడుగుల మొక్క అక్కడి నర్సరీలో కొన్నాం. వైజాగ్ వచ్చేదాకా రైల్లో అమ్మ దాన్ని ఒళ్ళోంచి దించలేదు.

మొదటి ఏడాది చిగుళ్ళు తప్ప ఏమీ లేవు. ఈ ఏడాది ఆగస్టులో మొగ్గలు కనపడ్డాయి. లెక్కపెట్టాను, 31. బఠాణీ గింజంత ఉన్నవి రేగిపండంత అయ్యాయి. దీపావళి తర్వాత రాలడం మొదలైంది. వేలితో తాకితే చాలు, ఊడి చేతిలోకి వచ్చేస్తున్నాయి. ఈ పొద్దున్న 6 రాలాయి. ఒకదాన్ని బ్లేడుతో నిలువుగా కోసి చూశాను. పైన పొలుసులు గోధుమరంగుకి తిరిగాయి కానీ లోపల రేకులు మడతలు మడతలుగా ఎర్రగానే ఉన్నాయి. మధ్యలో పసుపు కేసరాలు కూడా తయారయ్యాయి. పువ్వంతా లోపల సిద్ధంగా ఉంది, బయటికే రాలేకపోతోంది. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు.

వీటిని ఎలా ఆపాలి? అమ్మకి 74 ఏళ్ళు. ఒక్క పువ్వయినా ఆవిడ చూడాలని నా ఆశ.

గోపాలపట్నం గులాబీ | నవంబర్ 18, రాత్రి 10:15

అక్కా, నీళ్ళు ఎక్కువై ఉంటాయి. వారం ఆపి చూడండి. ఇంకో మాట, రాత్రి పూట కుండీలో ఐసు ముక్కలు వేస్తే మొక్క చలికాలం అనుకుని పూస్తుందని ఒక వీడియోలో చూశాను. ప్రయత్నించండి.

పెదవాల్తేరు మాస్టారు | నవంబర్ 19, ఉదయం 6:05

ఐసు ముక్కలు వద్దమ్మా, దయచేసి వద్దు. చల్లదనం కావలసింది మొగ్గకి. వేరుకి కాదు. ఐసు కరిగి మట్టి అడుగున చెమ్మ నిలిస్తే వేరుకుళ్ళు వస్తుంది. కెమీలియాని చంపడానికి దాన్ని మించిన దారి లేదు. అలాగని వారం రోజులు నీళ్ళు ఆపినా మిగిలిన మొగ్గలన్నీ రాలతాయి.

కాలేజీలో ముప్ఫై ఏళ్ళు వృక్షశాస్త్రం చెప్పినవాడిని కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

మీ మొక్క పేరు కెమీలియా జపోనికా. 1753లో లినేయస్ పెట్టిన పేరు. ఫిలిప్పీన్స్‌లో మొక్కల మీద పనిచేసిన గెయార్గ్ కామెల్ అనే జెస్యూట్ బ్రదర్ జ్ఞాపకంగా కెమీలియా అన్నాడు. ఆయన 1706లో మనీలాలో పోయారు. మనం పొద్దున్నే తాగే టీ కూడా ఈ కుటుంబమే, కెమీలియా సైనెన్సిస్. మీ మొక్కకి టీ చెట్టు సొంత చెల్లెలనుకోండి. ఈ చుట్టరికం గుర్తుపెట్టుకుంటే సగం సేద్యం వచ్చేసినట్టే. టీకి ఏం ఇష్టమో దీనికీ అదే ఇష్టం: పులుపు మట్టి, చెట్టు నీడ, ఎప్పుడూ తడిగా ఉండే నేల, అయినా నీళ్ళు నిలవని వాలు.

ఇప్పుడు మొగ్గ సంగతి. ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి, చాలామంది ఒకటే అనుకుంటారు. మొగ్గ పుట్టడానికి వెచ్చదనం, పొడుగు పగళ్ళు కావాలి. అవి వైజాగ్‌లో కావలసినన్ని. అందుకే మీకు 31 మొగ్గలు వచ్చాయి. కానీ విచ్చుకోవడానికి పొట్టి పగళ్ళు, చల్లని రాత్రులు కావాలి. జపోనికాకి రాత్రి 10 నుంచి 15 డిగ్రీల మధ్య కొన్ని వారాలు ఉంటే హాయి. మనకి జనవరిలో కూడా రాత్రులు మామూలుగా 17, 18 దగ్గర ఆగిపోతాయి. నవంబర్‌లో ఇంకా ఉక్కగానే ఉంది. అందుకని పుట్టిన మొగ్గ ముందుకు పోలేక తొడిమ దగ్గర తెగిపోతోంది.

అయితే తప్పంతా వాతావరణం మీద వేసేయడం నాకు ఇష్టం లేదు. ఇవి చెప్పండి. ఏ నీళ్ళు పోస్తున్నారు? ఎండ ఎన్ని గంటలు, ఏ వేళ? కుండీ ఏమిటి? మొగ్గ వేశాక కుండీని కదిపారా? ఆకుల ఫొటో పెట్టండి, ముదురాకు ఒకటి, లేతాకు ఒకటి.

ఎండాడ డాబాతోట | నవంబర్ 19, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, ఇంత వివరంగా రాసినందుకు నమస్కారం.

నీళ్ళు బోరువి. ఫిల్టరు అమ్మడానికి వచ్చిన అబ్బాయి మీటరు పెట్టి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క) 900 పైన ఉందన్నాడు. కుండీ ప్లాస్టిక్‌ది, నల్లది, 14 అంగుళాలు. పొద్దున్న 7 నుంచి 10 దాకా తూర్పు ఎండ, తర్వాత నీడ. ఎండ బాగా తగలాలని రోజూ కుండీని అటూ ఇటూ జరుపుతున్నాను. ఆ పని చేయకూడదా? మొగ్గలు వచ్చాక గేటు పక్కన నీడ ఎక్కువని డాబా మీంచి కిందికి కూడా దించాను. ఫొటోలు పెట్టాను. లేతాకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉన్నాయి.

కూనూరు తెలుగమ్మాయి | నవంబర్ 19, సాయంత్రం 5:02

నేను నీలగిరుల్లో ఉంటాను, మా పుట్టిల్లు గాజువాక. ఇక్కడ కెమీలియాకి ఎవరూ ఏమీ చేయరు. మంచు, వాన, కొండ ఎర్రమట్టి, అంతే. డిసెంబర్ నుంచి కంచె పొడుగునా పూస్తుంది. మీ ఫొటో చూస్తే మాత్రం నాకు చలి కంటే ముందు నీళ్ళ సమస్య కనపడుతోంది అక్కా. ఈనెలు పచ్చగా ఉండి మధ్యలో పసుపు రావడం అంటే ఇనుము అందడం లేదు. మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ సున్నం ఎక్కువైతే వేరు దాన్ని తీసుకోలేదు. మీ గంధరాజం లేతాకులు కూడా ఒకసారి చూడండి. దానికీ పులుపు మట్టే కావాలి, అదే రోగం వస్తుంది.

ఎండాడ డాబాతోట | నవంబర్ 19, సాయంత్రం 5:30

ఇప్పుడే టార్చి వేసుకుని చూసొచ్చాను. గంధరాజం కూడా అలాగే ఉంది! ఇన్నాళ్ళూ అది ఎండకి వచ్చిన రంగు అనుకున్నాను.

పెదవాల్తేరు మాస్టారు | నవంబర్ 19, రాత్రి 8:10

కూనూరు అమ్మాయి సరిగ్గా పట్టుకుంది. బోరు నీళ్ళలో సున్నపు లవణాలు ఎక్కువ. సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఉప్పు కూడా తోడవుతుంది. రోజూ పోస్తుంటే మట్టి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 7 దాటి 8కి పోతుంది. కెమీలియాకి 5.5 నుంచి 6.5 లోపల ఉండాలి.

చేయవలసినవి రాస్తున్నాను. మొదట వాన నీళ్ళు. డాబా మీద ఒక్క డ్రమ్ము పెట్టినా ఒక మొక్కకి రెండు మూడు నెలలు సరిపోతుంది. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళలో కూడా లవణాలు ఉండవు, పట్టి పోయండి. మన ఊరి ఉక్కకి వేసవిలో ఒక ఏసీ రాత్రికి బకెట్టు దగ్గర దగ్గర ఇస్తుంది. రెండూ లేని రోజున బోరు నీళ్ళలో నిమ్మఉప్పు కలపండి. మా వీధి బోరు నీళ్ళకి 10 లీటర్లకి అర చెంచా దాకా పట్టింది. మీ నీళ్ళు వేరు కాబట్టి పీహెచ్ కాగితం కొనుక్కుని చిటికె చిటికె కలుపుతూ చూసుకోవాలి. 6 దగ్గరికి రాగానే ఆపేయాలి.

పసుపు తగ్గడానికి ఐరన్ చీలేట్, అంటే వేరు తీసుకోగలిగే రూపంలో ఉన్న ఇనుము, వాడండి. అందులో ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్నదే అడగండి. మామూలు ఈడీటీఏ రకం సున్నం మట్టిలో నిలవదు. గంధకం పొడి కూడా మంచిదే కానీ మట్టిలో సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మార్చాలి, నెలలు పడుతుంది.

కుండీని రోజూ జరపడం ఆపేయండి. మొగ్గ ఉబ్బే వేళ వెలుతురు దిక్కు మారితే, పొడిగాలి తగిలితే, ఒక పూట మట్టి ఎండిపోతే, ఈ మూడింటిలో ఏది జరిగినా రాల్చేస్తుంది. నల్ల ప్లాస్టిక్ కుండీ వేసవిలో వేళ్ళని ఉడకబెడుతుంది. మట్టి కుండీ చెమర్చి చల్లగా ఉంటుంది.

గోపాలపట్నం గులాబీ | నవంబర్ 19, రాత్రి 9:00

ఐసు మాట వెనక్కి తీసుకుంటున్నాను మాస్టారూ. కాఫీ పిప్పి వేస్తే మట్టి పులుస్తుందంటారు, అది నిజమేనా?

పెదవాల్తేరు మాస్టారు | నవంబర్ 19, రాత్రి 9:25

పులుపంతా డికాక్షన్‌లోకి దిగిపోతుంది. మిగిలిన పిప్పిలో పులుపు నామమాత్రం. కంపోస్టులో కలిపితే మంచిది, మొక్క మొదట్లో మందంగా పరిస్తే నీళ్ళు దిగకుండా అట్ట కడుతుంది. పాలు, చక్కెర తగిలిన టీ పిప్పయితే చీమలు చేరతాయి. చీమలు చేరితే వాటి వెనకాలే పిండినల్లి.

అడవివరం మొక్కలబండి | నవంబర్ 20, మధ్యాహ్నం 2:45

నేను మొక్కల వ్యాపారంలో ఉన్నాను, ఉన్నదున్నట్టు చెప్తాను. వైజాగ్‌లో కెమీలియా అడిగేవాళ్ళు ఏడాదికి పది మంది ఉండరు. కడియపులంక నుంచి వచ్చే లోడులో ఇది దాదాపు ఉండదు. చలికాలంలో కొండప్రాంతాల నుంచి కొద్దిగా వస్తాయి. మొగ్గల మీద ఉన్న మొక్క వస్తుంది, కొన్నవాళ్ళ ఇంట్లో రెండు పూస్తాయి, మే నెలలో ఎండిపోతుంది. మొక్క మంచిది కాదని తిడతారు. నిజానికి ఆ రెండు పూలూ కొండ మీది చలి ఇచ్చినవి.

అందుకే నన్ను అడిగితే జపోనికా కంటే ససాంక్వా అనే ఇంకో కెమీలియా జాతి తెప్పించుకోమని చెప్తాను. ఆకు చిన్నది, పువ్వు చిన్నది, రేకులు విడివిడిగా రాలిపోతాయి. కానీ ఎండకి ఓర్చుకుంటుంది, వేరుకుళ్ళుని కూడా బాగా తట్టుకుంటుంది. అక్టోబర్, నవంబర్ నుంచే పూసే జాతి కాబట్టి గడ్డకట్టే చలి కోసం ఎదురు చూడదు. కొద్దిగా వాసన కూడా ఉంటుంది.

ఎంవీపీ మల్లెతీగ | నవంబర్ 21, ఉదయం 11:10

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. ఆన్‌లైన్‌లో నీలం రంగు కెమీలియా విత్తనాలు 20 గింజలు 199 రూపాయలకి కొన్నాను. నెలన్నర అయింది, ఒక్కటీ మొలవలేదు. ఎలా మొలిపించాలి?

పెదవాల్తేరు మాస్టారు | నవంబర్ 21, మధ్యాహ్నం 12:30

అమ్మా, నీలం కెమీలియా లోకంలో లేదు. ఎరుపు, గులాబీ, తెలుపు, చారలవి ఉన్నాయి. పసుపు పూసే అడవి జాతులు చైనా, వియత్నాం వైపు ఉన్నాయి. నీలం లేదు. పైగా కెమీలియా గింజ శనగ కంటే పెద్దగా, గట్టిగా, గోధుమరంగులో ఉంటుంది. ఆరిపోతే తొందరగా చచ్చిపోతుంది. సన్నగా ఆవగింజల్లా వచ్చాయా మీకు?

ఎంవీపీ మల్లెతీగ | నవంబర్ 21, మధ్యాహ్నం 12:41

అవును మాస్టారూ, సరిగ్గా ఆవగింజల్లాగే. డబ్బు పోతే పోయింది. నెలన్నర రోజూ పొద్దున్నే లేచి ఆ ట్రే చూసుకున్నాను, అదే బాధగా ఉంది.

అడవివరం మొక్కలబండి | నవంబర్ 21, మధ్యాహ్నం 1:15

గింజలతో వద్దే వద్దండి. మంచి రకం గింజ వేసినా తల్లిలాంటి పువ్వు రాదు, వచ్చేదానికి కూడా ఏళ్ళు పడుతుంది. కొమ్మ నాటినదో అంటు కట్టినదో తీసుకోండి. అంటు మొక్కయితే అంటు ముడి మట్టిలో పూడ్చకూడదు.

ఎండాడ డాబాతోట | డిసెంబర్ 22, రాత్రి 8:50

నెల తర్వాత వచ్చాను. మొగ్గలు 31లో 4 మిగిలాయి. కానీ ఈ రోజు ఒకటి కనిపెట్టాను, అది రాయకుండా ఉండలేకపోతున్నాను.

నిమ్మఉప్పు కలిపి, ఏసీ నీళ్ళు పట్టి, అన్నీ చేస్తున్నా గేటు పక్క కుండీలో మట్టి మీద తెల్లటి పెచ్చు కడుతూనే ఉంది. డాబా మీద గంధరాజానికి తగ్గింది, దీనికి తగ్గడం లేదు. ఈ పొద్దున్న 6 గంటలకి బాల్కనీలో నిలబడి చూస్తే అర్థమైంది. ధనుర్మాసం కదా, వాకిట్లో రోజూ పెద్ద ముగ్గు. మా పనమ్మాయి నిన్నటి ముగ్గు కడిగి, ఆ తెల్లనీళ్ళు వృథా పోకూడదని మొక్క మొదట్లో పోస్తోంది. పాపం, ప్రేమతోనే చేస్తోంది. పెచ్చు గోటితో గీకి, గిన్నెలో వేసి నిమ్మకాయ పిండాను. సోడాలాగా బుసబుసా పొంగింది. డబ్బాలోని ముగ్గుపిండి మీద పిండినా అదే పొంగు.

పెదవాల్తేరు మాస్టారు | డిసెంబర్ 22, రాత్రి 9:20

భేష్! పొంగిందంటే అది సున్నపురాయి పొడి, కాల్షియం కార్బొనేట్. అసలు దోషి దొరికాడు. ఇన్ని ప్రశ్నలు వేసిన నాకు ముగ్గు సంగతి తట్టనే లేదు. సంక్రాంతి నెలలో ఆంధ్రదేశంలో ప్రతి వాకిలి కుండీకీ జరిగేది ఇదే కాబోలు. గులాబీకి, మందారానికి అంత నష్టం లేదు. కెమీలియాకి, గంధరాజానికి అది విషంతో సమానం. కుండీని సున్నం వేసిన గోడకి కూడా ఆనించకండి, వానకి కారిన నీళ్ళు అందులోనే దిగుతాయి. పొయ్యి బూడిద, గుడ్డు పెంకులు కూడా దీనికి వద్దు.

పైన రెండంగుళాల మట్టి తీసేయండి. మిగిలిన 4 మొగ్గల్లో ఒకే కొమ్మ చివర రెండు ఉంటే ఒకటి తుంచండి. పక్కకి మెలితిప్పితే సులువుగా వస్తుంది. గుండ్రంగా బొద్దుగా ఉన్నది పూమొగ్గ, సన్నగా మొనదేలి ఉన్నది ఆకు చిగురు. రెండోదాన్ని తాకకండి.

చింతపల్లి కాఫీతోట | డిసెంబర్ 23, ఉదయం 7:30

చాలా రోజులుగా చదువుతున్నాను, ఈ రోజు రాయాలనిపించింది. మాది చింతపల్లి దగ్గర, కాఫీ, మిరియాలు. ఈ పొద్దున్న గడ్డి మీద మంచు తెల్లగా పరుచుకుంది. లంబసింగి వైపయితే ఇంకా చలి. మీకు వైజాగ్‌లో దొరకని ఆ పది డిగ్రీల రాత్రులు మాకు డిసెంబర్, జనవరి అంతా ఉంటాయి. మాది కాఫీకి పనికొచ్చే కొండ ఎర్రమట్టి, పైన సిల్వర్ ఓక్ నీడ. మాకు బోరు కూడా లేదు, ఊట నీళ్ళు.

మేడమ్ గారూ, వచ్చే ఏడాది మీ మొక్కని చలికాలానికి మా ఇంటికి పంపండి. పూశాక తీసుకెళ్ళండి. మా ఆవిడకి పూలంటే ప్రాణం, చూసుకుంటుంది.

కూనూరు తెలుగమ్మాయి | డిసెంబర్ 23, ఉదయం 9:00

అన్నయ్యా, ఎంత మంచి మాట అన్నారు! అయితే ఒక్క సందేహం. మొగ్గలున్నప్పుడు కదిపితే రాలతాయి కదా మాస్టారూ?

పెదవాల్తేరు మాస్టారు | డిసెంబర్ 23, సాయంత్రం 6:40

మొగ్గ బఠాణీ గింజంత ఉండగా, సెప్టెంబర్ ఆఖరుకో అక్టోబర్ మొదట్లోనో తీసుకెళ్తే తట్టుకుంటుంది. ఉబ్బిన తర్వాత కదిపితే కష్టం. కుండీలో పెంచే చోట ఇలా మార్చడం కొత్తేమీ కాదు. జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర పిల్నిట్జ్‌లో 1801లో నాటిన కెమీలియా ఉంది. నేలలో పాతుకున్న చెట్టుని కదపలేరు కాబట్టి చలికాలంలో పట్టాల మీద నడిచే అద్దాల ఇల్లే దాని మీదికి జరుగుతుంది. వాళ్ళు చలి నుంచి కాపాడుకుంటున్నారు, మనం చలి దగ్గరికి పంపుతున్నాం.

ఎండాడ డాబాతోట | జనవరి 19, సాయంత్రం 4:15

ఆ 4 మొగ్గల్లో మూడు రాలాయి. నాలుగోది పండగ నాడు కొస దగ్గర ఎర్రగా కనిపించింది, వేలి గోరంత. నాలుగు రోజులు అలాగే ఉండి నల్లబడిపోయింది. అమ్మ మాత్రం "రంగు చూశాం కదా, వచ్చే ఏడు చూద్దాం" అంది.

చింతపల్లి అన్నయ్యగారూ, మీ మాట నేను మరిచిపోలేదు.

ఎండాడ డాబాతోట | ఫిబ్రవరి 14, ఉదయం 10:30

మట్టి కుండీ చల్లగా ఉంటుందని మాస్టారు అన్నారు కదా, చిగురు రాకముందే ఈ రోజు కుండీ మార్చాను. పాత కుండీలోంచి తీస్తే వేళ్ళన్నీ పై నాలుగంగుళాల్లోనే చాపలా అల్లుకుని ఉన్నాయి. అడుగు మట్టి బురదలా నల్లగా, వాసన వేస్తోంది. ఒక్క వేరు కూడా అక్కడికి దిగలేదు.

కొత్త మిశ్రమం: రెండు పాళ్ళు చివికిన ఆకుమట్టి, రెండు పాళ్ళు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు బొగ్గు ముక్కలు. కోకోపీట్ మూడుసార్లు కడిగాను. మొదటిసారి కడిగిన నీళ్ళు నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉన్నాయి! వెడల్పాటి మట్టి కుండీ, లోతు తక్కువది. వేరు ముద్ద అంచు కంటే ఒక అంగుళం పైకి ఉండేలా పెట్టాను. కింద మూడు ఇటుకలు. పైన సరుగుడు ఆకు పరిచాను. బీచ్ పక్కది ఉప్పు పట్టి ఉంటుందని ఆనందపురం వైపు తోటలోంచి తెచ్చాను.

గోపాలపట్నం గులాబీ | ఫిబ్రవరి 14, మధ్యాహ్నం 12:05

సరుగుడు ఆకు ఆలోచన బాగుంది అక్కా. అడవివరం బండాయన ద్వారా నేనూ ఒక ససాంక్వా తెప్పించుకున్నాను, గులాబీ రంగుది. మీరు చెప్పినట్టే పెట్టాను.

పెదవాల్తేరు మాస్టారు | ఏప్రిల్ 9, ఉదయం 6:20

ఇద్దరికీ గుర్తు చేస్తున్నాను. ఈ రెండు నెలలే అసలు గండం. 50 శాతం షేడ్ నెట్ కింద పెట్టండి, తూర్పు నీరెండ 8 గంటల దాకా చాలు. డాబా సిమెంటు సాయంత్రం 7 దాకా వేడి కక్కుతుంది, అందుకని కుండీల మధ్య తడి గోనెపట్టా పరవండి. ఎరువు వేయకండి. ఆకు అడుగున భూతద్దంతో చూడండి, ఎర్రనల్లి పొడి వేడికి వస్తుంది. నీళ్ళతో అడుగు వైపు కడిగితే పోతుంది. ఈనె వెంట గోధుమరంగు పొలుసుల్లా అంటుకుని ఉంటే పొలుసు పురుగు. వేపనూనె పొద్దుగూకాకే కొట్టాలి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

మా పెరట్లో పెద్ద వేప ఉండేది, దాని కింద ఏది పెట్టినా బతికేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను దాన్ని పడగొట్టింది. ఆ మరుసటి వేసవిలో నీడమొక్కలు 40 దాకా పోయాయి. చెట్టు నీడ చేసే పని ఏ నెట్టూ చేయలేదని అప్పుడు తెలిసింది. స్థలం ఉన్నవాళ్ళు ముందు ఒక చెట్టు వేసుకోండి.

ఎండాడ డాబాతోట | సెప్టెంబర్ 28, రాత్రి 9:30

వేసవి దాటింది! ఆకులు ముదురు పచ్చ. మొగ్గలు 22, కొసకి ఒకటే ఉంచి 12కి తగ్గించాను. రేపు పొద్దున్న 5 గంటలకి నర్సీపట్నం మీదుగా చింతపల్లి బయల్దేరుతున్నాం. కారు వెనక సీట్లో కుండీకి తడి గోనె చుట్టి, సీటు బెల్టు కట్టాం. పక్కన అమ్మ.

చింతపల్లి కాఫీతోట | సెప్టెంబర్ 29, సాయంత్రం 6:00

చేరారు. ఒక్క మొగ్గా రాలలేదు. కుండీకి ఏ వైపు ఎండాడలో తూర్పుకి ఉండేదో అమ్మగారు సుద్దముక్కతో గీత పెట్టి తెచ్చారు. ఆ గీత తూర్పుకే తిప్పి సిల్వర్ ఓక్ కింద పెట్టాను.

గోపాలపట్నం గులాబీ | నవంబర్ 30, ఉదయం 7:45

ఫొటో చూడండి!! ససాంక్వా, గోపాలపట్నంలో, మా మేడ మీద! మూడు పూలు, అరచేతిలో సగం ఉంటాయి. పొద్దున్న పూసింది రెండో రోజు సాయంత్రానికి రేకులు రాల్చేస్తోంది, కానీ వెనకాల ఇంకా తొమ్మిది మొగ్గలున్నాయి. మొన్న రెండు రోజులు ముసురు పట్టినప్పుడు రాత్రి చల్లబడింది, ఆ తర్వాతే విచ్చుకున్నాయి. వాసన దగ్గరికి వెళ్తేనే తెలుస్తుంది, తడిసిన టీ ఆకు వాసనలాగా ఉంది నాకు.

పెదవాల్తేరు మాస్టారు | నవంబర్ 30, ఉదయం 8:10

సంతోషం నాయనా, చాలా సంతోషం. సాయంత్రం వచ్చి చూస్తాను, ఉంటావా?

చింతపల్లి కాఫీతోట | జనవరి 6, ఉదయం 7:10

మేడమ్ గారూ, మొదటి పువ్వు. నిన్న రాత్రి విచ్చింది. 12లో 11 బాగున్నాయి. అమ్మగారిని తీసుకుని రండి, ఆలస్యం చేయకండి.

ఎండాడ డాబాతోట | జనవరి 9, రాత్రి 10:20

వెళ్ళొచ్చాం. మేం చేరేసరికి నాలుగు విచ్చి ఉన్నాయి. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, కాస్త నలుపు కలిసిన దానిమ్మ గింజ రంగు. మధ్యలో పసుపు కేసరాలు ఒక కట్టలా నిలబడి ఉన్నాయి. కిందటేడు బ్లేడుతో కోసి చూసిన మొగ్గలో ఉన్నవి ఇవే. రేకు మీద మంచు బొట్టు జారకుండా నిలబడింది. అమ్మ అరగంట దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది, ఏమీ మాట్లాడలేదు. అన్నయ్యగారి భార్య కాఫీ తెచ్చి ఇచ్చినా చల్లారిపోయేదాకా పట్టుకునే ఉంది.

వచ్చేటప్పుడు ఒక పువ్వు రాలింది. రేకులు విడిపోకుండా పువ్వు పువ్వంతా దబ్బున పడింది, ఈ జాతి అలాగే రాలుతుందట. దాన్ని తడి గుడ్డలో పెట్టి ఇంటికి తెచ్చాం. ఇప్పుడు దేవుడి గదిలో ఇత్తడి పళ్ళెంలో నీళ్ళ మీద తేలుతోంది. మూడో రోజు, ఇంకా రంగు తగ్గలేదు.

మొక్కని తిరిగి తేవాలా వద్దా అని దారంతా ఆలోచించాను. అమ్మే తేల్చింది, "దానికి అక్కడ బాగుంది, అక్కడే ఉండనీ. మనమే ఏటా వెళ్దాం" అంది. ఫిబ్రవరిలో అన్నయ్యగారు దాన్ని నేలలో నాటుతున్నారు. డాబా మీదికి నేను ససాంక్వా తెచ్చుకుంటాను.

ఎంవీపీ మల్లెతీగ | జనవరి 10, ఉదయం 9:15

చదువుతుంటే కళ్ళు తడిశాయి. గోపాలపట్నం అన్నయ్యా, మీ ససాంక్వా కొమ్మ ఒకటి ఇస్తారా? ఈసారి గింజల జోలికి పోను.

గోపాలపట్నం గులాబీ | జనవరి 10, ఉదయం 10:00

తప్పకుండా ఇస్తానమ్మా. ఇప్పుడు కోస్తే వేరు పట్టదట, ఆగస్టులో చిగురు సగం ముదిరాక కోయాలని మాస్టారు చెప్పారు. నాలుగంగుళాల ముక్కలు ఆరు ఇస్తాను, కడిగిన కోకోపీట్, ఇసుక కలిపి సిద్ధంగా ఉంచుకోండి. పైన ప్లాస్టిక్ కవరు కప్పితే రెండు మూడు నెలల్లో వేరు పడుతుంది. అప్పటిదాకా ఒక డ్రమ్ము కొని వాన నీళ్ళు పట్టి పెట్టుకోండి, మీ ఎంవీపీ బోరు నీళ్ళు మాత్రం దానికి చూపించకండి.